రబ్బరుతో చెరిపిన కిలోమీటర్లు

మంగళవారం పొద్దున్న లుబిత్సా కాఫీ కప్పు పట్టుకుని వంటింటి గోడ మీది క్యాలెండర్ ముందు నిలబడింది. ఒకసారి చదివింది. నమ్మకం కుదరక మళ్లీ చదివింది.

"ఆరు కిలోమీటర్లు. మెల్లగా. పక్కన మనిషి ఉంటే కబుర్లు చెప్పుకునేంత మెల్లగా."

పెన్సిలుతో రాసిన ఆ గుండ్రటి అక్షరాలు మామగారు వెండెలిన్‌వి. జాతీయ నడక పందేనికి సరిగ్గా ఐదు వారాలుంది. ఇరవై కిలోమీటర్ల పందెం. ఇప్పుడు నడవాల్సింది ఆరా?

వెండెలిన్ రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. ఒకప్పుడు తనూ నడక పందేల్లో పాల్గొన్నాడు. ముప్పై ఏళ్లుగా ఊరి క్లబ్బులో పిల్లలకు కోచ్. లుబిత్సాకు నాలుగేళ్లుగా ఆయనే కోచ్. ఆయన కొడుకు రాడో ఆదివారాలు సైకిల్ మీద నీళ్ల సీసాలు తెచ్చి ఇచ్చేవాడు. సీసాలు అందించి అందించి చివరికి ఉంగరం కూడా అందించాడు. పెళ్లయి ఏడు నెలలు. పొద్దున లేవగానే పక్కన రాడో చెదిరిన జుట్టు చూస్తే ఆమెకు ఇప్పటికీ ఉత్తినే నవ్వొస్తుంది. అత్తగారు పొయ్యిలోంచి తీసే గసగసాల రొట్టె వాసనకు కూడా నవ్వొస్తుంది. నవ్వు రానిది ఈ క్యాలెండర్ ముందు మాత్రమే.

ఆ క్యాలెండర్‌కు ఒక పద్ధతుంది. పందెం దాకా ప్రతి గడీ జనవరిలోనే నింపేశాడు వెండెలిన్. కానీ రాబోయే రోజుల మీద ఒక అట్టముక్క పెట్టి, బట్టల క్లిప్పు తగిలించాడు. రోజుకొక గడి చొప్పున అట్ట కిందికి జరుగుతుంది. రేపటిది చూస్తే ఇవాళే కాళ్లు బరువెక్కుతాయని ఆయన సిద్ధాంతం. క్లబ్బులో పిల్లలందరికీ అదే నియమం. అట్ట ఎత్తి చూసినవాణ్ణి ఆయన వారం రోజులు పలకరించేవాడు కాడు.

"మామయ్యా, పోయిన మంగళవారం ఎనిమిది. అంతకుముందు పది. ఇవాళ ఆరు. పందెం దగ్గరికొస్తోందా, దూరం పోతోందా?"

వెండెలిన్ రొట్టె మీద వెన్న రాసుకుంటున్నాడు. ఎంత శ్రద్ధగా అంటే, మూలలు కూడా వదలకుండా.

"రాసిందే నడువమ్మాయ్."

"ఎందుకు ఆరు?"

"ఆరు కాబట్టి."

రాడో ఫోనులోంచి తలెత్తాడు. "నన్నడిగితే ఆరు చాలా ఎక్కువ. నేను బస్టాప్ దాకా నడిస్తేనే దాన్ని వ్యాయామం అంటాను."

"నిన్నెవరూ అడగలేదు," అంది లుబిత్సా.

"అదే చెప్తున్నా. నన్నెవరూ ఏదీ అడగరు ఈ ఇంట్లో."

అత్తగారు రుజెనా గిన్నె కడుగుతూ వెనక్కి తిరిగి భర్తను ఒక చూపు చూసింది. ఆయన ఆ చూపు అందుకోకుండా రెండో రొట్టెముక్క తీసుకున్నాడు.

లుబిత్సాకు ఇది మూడో ప్రయత్నం. గంటా ముప్పై ఆరు నిమిషాల లోపు నడిస్తే యూరప్ పోటీకి వెళ్లే జట్టులో చోటు దొరుకుతుంది. రెండేళ్ల కిందట నలభై సెకన్లు ఎక్కువ తీసుకుంది. నిరుడు అసలు పందెమే పూర్తి కానివ్వలేదు. ఈ ఆటలో ఒక పాదం ఎప్పుడూ నేల మీద ఉండాలి, నేలను తాకిన కాలు మోకాలి దగ్గర వంగకూడదు. ఒక్క క్షణం రెండు పాదాలూ గాల్లోకి లేచినా దారి పక్కన నిలబడ్డ జడ్జీలు ఎర్ర కార్డు రాస్తారు. మూడు కార్డులకు పక్కన రెండు నిమిషాల నిలుపుదల. నాలుగోది వస్తే ఇంటికే. నిరుడు ఆమెకు నాలుగూ వచ్చాయి. ఇప్పుడామెకు ఇరవై ఏడు. ఈసారీ పోతే వచ్చే ఏడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే ఓపిక ఉంటుందో లేదో ఆమెకే తెలీదు.

అటు చూస్తే రాజధానిలో ఇదే పందేనికి టెరేజియా అనే అమ్మాయి వారానికి నూట ఇరవై కిలోమీటర్లు నడిచి, ఆ లెక్కంతా రోజూ ఫోనులో పెడుతోంది. ఇటు చూస్తే కబుర్లు చెప్పుకునేంత మెల్లగా ఆరు.

అందుకే లుబిత్సా ఆ రోజు ఆరు నడిచి, పిండిమిల్లు దగ్గర వెనక్కి తిరగకుండా ఇంకో నాలుగు నడిచింది. నిజం చెప్పాలంటే అది మొదటిసారి కాదు. మూడు వారాలుగా ఇదే వరస. మొదట్లో రెండు కలిపేది. మరుసటి వారం ప్లాను తగ్గేది. ఆమె మూడు కలిపేది. ప్లాను ఇంకా తగ్గేది.

ఎందుకు తగ్గుతోందో ఆలోచించగా ఆమెకు ఒకటే కారణం తట్టింది. పెళ్లికి ముందు ఈయన తనను ఎండనక వాననక నడిపించాడు. కాలు కాస్త ఎగిరితే ఊరవతలికి వినపడేలా అరిచేవాడు. ఇప్పుడు? కోడలైంది. కోడలు ఎందుకు చెమటోడ్చాలి? హాయిగా బొద్దుగా ఉండి, వచ్చే క్రిస్మస్‌కల్లా ఒక మనవణ్ణి చేతిలో పెడితే చాలు. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా ఆమె అడుగుల వేగం పెరిగేది.

ఈస్టర్ సోమవారం నాడు క్యాలెండర్‌లో "విశ్రాంతి" అని ఉంది. ఆ రోజు ఊళ్లో మగవాళ్లు బకెట్లు పట్టుకుని ఆడవాళ్లను తడిపే ఆచారం ఎలాగూ ఉంది. పొద్దున్నే రాడో దొంగలా వచ్చి, ఆమె మంచం దిగకముందే చల్లని నీళ్లు కుమ్మరించాడు. ఆమె కెవ్వుమని అరిచి, నవ్వి, దిండుతో కొట్టి, వరసకు మరుదులయ్యేవాళ్లు కూడా వస్తున్నారని వినగానే బూట్లేసుకుని వెనక తలుపు గుండా పరారైంది. వెళ్లినావిడ తొమ్మిది కిలోమీటర్లు నడిచి వచ్చింది.

"ఎక్కడికెళ్లావమ్మాయ్?" అన్నాడు వెండెలిన్.

"నీళ్ల నుంచి తప్పించుకుపోయాను మామయ్యా."

ఆయన ఆమె మోకాళ్ల దాకా పట్టిన దుమ్ము చూశాడు. మర్నాడు అట్ట ఒక గడి కిందికి జరిగితే అక్కడ "మూడు" అని ఉంది.

ఆమె పంటి కింద ఏదో గట్టిగా తగిలినట్టు అనిపించింది. చూస్తే చేతిలోని కాఫీ చెంచా.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర అది బయటపడింది. రుజెనా సన్న సేమియా వేసిన కోడి పులుసు వడ్డించింది. తర్వాత వేయించిన మాంసం, బంగాళాదుంపల సలాడ్. కిటికీ అవతల చెర్రీ చెట్టు తెల్లగా పూసి ఉంది. వేరే రోజైతే లుబిత్సా ఆ చెట్టు చూసి మురిసిపోయేది. ఆ రోజు పొద్దున క్యాలెండర్‌లో "రెండు కిలోమీటర్లు. అత్తయ్యతో చర్చికి" అని చూసింది. అప్పటి నుంచి ఆమెకు ఏదీ మురిపెంగా కనిపించలేదు.

"మామయ్యా, ఒకటి అడగనా? కోప్పడరు కదా?"

"కోపం ఎందుకు?"

"పోనీ కోప్పడండి. ఈమధ్య మీరు కోప్పడ్డం కూడా మానేశారు. మీకు నేను పందెం నడవడం ఇష్టం లేదు కదూ? పైకి చెప్పలేక రోజూ కాస్త కాస్త కోస్తున్నారు. సలాడ్‌లో ఉల్లిపాయ కోసినట్టు!"

రాడో ఫోర్కు పళ్లెంలో పెట్టేశాడు. "లుబా..."

"నువ్వుండు. పెళ్లికి ముందు వారానికి తొంభై నడిపించారు. ఇప్పుడు అత్తయ్యతో చర్చికి రెండట! అత్తయ్య మోకాళ్ల నొప్పులతో నడుస్తారు మామయ్యా, నేను ఆగి ఆగి నడిచాను! సూటిగా చెప్పండి. మీకు నడిచే అమ్మాయి కావాలా, మనవణ్ణి కనే కోడలు కావాలా?"

వెండెలిన్ చెంచాతో పులుసులోని సేమియాను ఒక పక్కకు నెట్టాడు. మళ్లీ ఇటు నెట్టాడు.

"నిన్న మిల్లు దాటి పాత ఇటుక బట్టీ దాకా వెళ్లావు," అన్నాడు చివరికి, పులుసుకు చెప్తున్నట్టు. "పదకొండు. శుక్రవారం తొమ్మిది. గురువారం పన్నెండు."

లుబిత్సా మొహం ఎర్రబడింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పలేదో అడుగు!" అని రుజెనా గరిటె పెట్టేసి లేచింది. "పరిగెత్తి ఉంటే ఎవరికీ తెలిసేది కాదేమో. ఈ చుట్టుపక్కల నడుం తిప్పుకుంటూ బాతులా పోయేది నువ్వొక్కదానివే కదమ్మా! టపా పంచే యొలానా సైకిల్ దిగి మరీ చెప్తుంది. బస్సు డ్రైవర్ హారన్ కొట్టి చెప్తాడు. రొట్టెల కొట్లో నేను అడగకుండానే చెప్తారు, 'మీ కోడలు ఇవాళ బట్టీ దగ్గర బాగా పోతోందండీ' అని. రోజూ వింటున్నా. రోజూ నోరు మూసుకుంటున్నా. ఇంక నావల్ల కాదు!"

ఆమె గోడ దగ్గరికి వెళ్లి క్లిప్పు ఊడబీకింది. అట్టముక్క నేల మీద పడింది. ముప్పై ఏళ్లలో ఆ అట్టను ఇంకొకరు ఊడదీయడం అదే మొదటిసారి. వెండెలిన్ కుర్చీలోంచి సగం లేచాడు.

"కూర్చోండి!" అంది రుజెనా. ఆయన కూర్చున్నాడు.

ఆమె క్యాలెండర్ కాగితాన్ని కిటికీకి ఆనించి పట్టుకుంది. వెలుతురు అవతలి నుంచి పడగానే ఆరు వెనక పది కనిపించింది. మూడు వెనక ఎనిమిది. ఆదివారం గడిలో రెండు వెనక పద్దెనిమిది, దాని మీద పన్నెండు, మళ్లీ దాని మీద ఏడు. రబ్బరుతో రుద్ది రుద్ది అక్కడ కాగితం పల్చబడి, చెర్రీ పూలు మసకగా కనిపిస్తున్నాయి.

"చూడు. నువ్వు మూడు ఎక్కువ నడుస్తావు, ఈయన రాత్రికి మూడు చెరుపుతాడు. తగ్గిందేమిటా అని నువ్వు నాలుగు నడుస్తావు, ఈయన నాలుగు చెరుపుతాడు. పొద్దున్నే నా వంటింటి నిండా రబ్బరు పొట్టు! నేను తుడవాలి! ఇద్దరూ నాలుగేళ్లుగా ఎరిగినవాళ్లు, ఒకే బల్ల దగ్గర తింటారు. ఇద్దరికీ నోళ్లు లేవా?"

లుబిత్సా కాగితం వంక చూస్తూనే ఉండిపోయింది. మొన్నటి గురువారం గడిలో అసలు రాసింది "విశ్రాంతి." ఆమె ఆ రోజు నడిచింది పన్నెండు. వేగంగా నడవాల్సిన రోజు అలసిపోయి ఉంది. మెల్లగా నడవాల్సిన రోజు కోపంతో ఉరికింది. మొత్తం కిలోమీటర్లు ప్లానులో ఉన్నన్నే. ఉండాల్సిన చోట మాత్రం ఒక్కటీ లేదు.

"తెలిసి కూడా ఎందుకు తిట్టలేదు మామయ్యా?" అంది లుబిత్సా.

వెండెలిన్ చేతిరుమాలు మడత పెట్టాడు. విప్పాడు.

"క్లబ్బులో పిల్లవైతే తిట్టేవాణ్ణి. బూట్లు లాక్కుని ఇంటికి పంపేవాణ్ణి. ఇప్పుడు ఇంటికి పంపడానికి నీ ఇల్లు ఇదే కదమ్మా." ఆయన రుమాలు జేబులో పెట్టుకున్నాడు. "మా అమ్మ నోటికి భయపడి రుజెనా మొదటి రెండేళ్లు కొట్టంలో కూర్చుని ఏడ్చేది. నా ఇంట్లో కోడలు అలా ఏడవకూడదనుకున్నా. మామగారు కోడలి మీద ఎలా అరుస్తాడు? అందుకని చెరిపాను."

"మూడేళ్లు అరిచారుగా! ఆ అరుపులు విన్నాకే కదా ఈ ఇంటికొచ్చాను!"

ఆమెకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. రెండూ ఒకదాన్నొకటి తోసుకుని బయటికొచ్చాయి. రాడో కుర్చీ జరిపి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేశాడు. తీరా చూస్తే అతని కళ్లూ తడిగా ఉన్నాయి.

"మనవడి సంగతి..." అన్నాడు వెండెలిన్ ఇబ్బందిగా. "అది మీ ఇద్దరి ఇష్టం. నా ప్లానులో లేదు."

"ఇప్పుడు తిట్టండి," అంది లుబిత్సా కళ్లు తుడుచుకుంటూ.

"ఏంటి?"

"నాలుగైదు వారాల బాకీ. తిట్టండి మామయ్యా. లేకపోతే నాకు అన్నం సహించదు."

వెండెలిన్ భార్య వంక చూశాడు. ఆమె తలూపింది. అంతే, ఆయన లేచి నిలబడ్డాడు. బుద్ధుందా అన్నాడు. విశ్రాంతి అంటే ఏమనుకున్నావు, గోడకు తగిలించిన బొమ్మా అన్నాడు. కండ బలపడేది నడిచినప్పుడు కాదు, నడిచాక పడుకున్నప్పుడు అని వెయ్యిసార్లు చెప్పలేదా అన్నాడు. టెరేజియా వారానికి నూట ఇరవై నడిస్తే ఆ పిల్ల కాళ్లు ఆ పిల్లవి, నీ కాళ్లు నావి, వాటి సంగతి నాకు తెలుసు అన్నాడు. పక్కింటివాళ్ల కుక్క మొరగడం మొదలుపెట్టింది. పావుగంట తర్వాత ఆయన ఆయాసంతో కూర్చునేసరికి రుజెనా ఆయన ముందు గసగసాల కేకు ముక్క పెట్టింది. కోడలికి రెండు ముక్కలు పెట్టింది. లుబిత్సాకు ఎన్నో రోజుల తర్వాత తిన్నది వంటికి పట్టినట్టనిపించింది.

అట్టను రుజెనా పొయ్యిలో వేసేసింది. ఆ సాయంత్రం మామా కోడలూ కలిసి మిగిలిన మూడు వారాలూ మళ్లీ రాశారు. పందెం రోజు గడి ఒక్కటే జనవరిలో రాసినట్టే వదిలేశారు. మొదటి నాలుగు రోజులూ వట్టి విశ్రాంతి.

విశ్రాంతి తీసుకోవడం ఎంత కష్టమో లుబిత్సాకు అప్పుడు తెలిసొచ్చింది. రెండో రోజుకు ఎడమ మడమ నొప్పి అంది. మూడో రోజుకు నొప్పి కుడి మడమకు మారింది. "నడవడం మర్చిపోయానేమో మామయ్యా" అంటే, "మర్చిపోతే పందెం రోజు గుర్తు చేస్తాలే" అన్నాడు. టెరేజియా లెక్కలు కనపడకుండా రాడో ఆమె ఫోను తీసి బియ్యం డబ్బాలో దాచాడు. ఆ తర్వాత గురువారాల్లో మాత్రం వెండెలిన్ సైకిల్ మీద పక్కనే వస్తూ ఒకే ఒక్క వేగం నేర్పించాడు. కిలోమీటరుకు నాలుగు నిమిషాల నలభై సెకన్లు. దానికంటే ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. మోకాలు నిటారుగా, మడమ నేలను తాకుతూ, అడుగు అడుగుకీ అదే వేగం, ఒళ్లు దానికి అలవాటుపడే దాకా.

పందెం రోజు సన్నగా మబ్బు పట్టింది. పార్కు చుట్టూ కిలోమీటరు దారి, ఇరవై చుట్లు. నీళ్ల బల్ల దగ్గర రుజెనా, రాడో. కాస్త ముందుగా చెట్టు కింద గడియారం పట్టుకుని వెండెలిన్. ఆ జనవరి గడి నుంచి ఎక్కించుకున్న కాగితం మీద ఉన్నది ఇంతే: పన్నెండు చుట్లు నాలుగు నిమిషాల యాభై రెండు సెకన్ల చొప్పున. పదమూడో చుట్టు నుంచి నాలుగు నలభై.

ఆరు చుట్లు ఆమె కాగితంలో ఉన్నట్టే నడిచింది. ఏడో చుట్టులో టెరేజియా జడ ఊపుకుంటూ పక్క నుంచి దాటిపోయింది. ఆ జడ చూడగానే లుబిత్సాకు పాత కోపం కాళ్లలోకి దిగింది. ఏడు, ఎనిమిది చుట్లు ఆమె వెనకే ఉరికింది. తొమ్మిదో చుట్టుకు బోర్డు మీద ఆమె సంఖ్య పక్కన రెండు ఎర్ర గుర్తులు.

"ఏం చేస్తోంది ఈ పిల్ల?" అని రుజెనా నీళ్ల సీసాను అంత గట్టిగా నొక్కితే మూత ఎగిరి రాడో చొక్కా తడిసింది.

ఆ గుర్తులు చూసి లుబిత్సా నిరుటి రోజును తలుచుకుంది. ఇంకో కార్డు వస్తే రెండు నిమిషాల నిలుపుదల. ఇక గంటా ముప్పై ఆరు లేనట్టే. ఆమె ఊపిరి పీల్చి, భుజాలు దించి, టెరేజియాను పోనిచ్చింది. నాలుగు యాభై రెండు. మళ్లీ నాలుగు యాభై రెండు. కష్టమేమంటే, జనం అరుస్తుండగా ఒకరు ముందుకు పోతుంటే చూస్తూ ఊరుకోవడం. ఆమె ఊరుకుంది. పన్నెండో చుట్టు ముగిసేసరికి బోర్డు మీద ఇంకా రెండే.

పదమూడో చుట్టు మొదలైంది. ఆమె వేగం పెంచింది.

వెండెలిన్ గడియారం చూశాడు, బోర్డు చూశాడు. రెండు కార్డులు పెట్టుకుని వేగమా? ఆయన గడియారం వదిలేసి దారి అంచుకు పరిగెత్తుకొచ్చాడు.

"తగ్గించు! లుబా, తగ్గించు! కార్డు ఇస్తారు!"

"కాగితంలో అలా లేదు!" అని ఆమె ముందుకు చూస్తూనే అరిచింది.

"కాగితం సంగతి నేను చెప్తున్నా! తగ్గించమంటున్నా!"

అప్పటికే ఆమె వెళ్లిపోయింది. ఆయన నెత్తి మీద టోపీ తీసి నేలకేసి కొట్టాడు. "వినదు! నాలుగేళ్ల నుంచి వినదు!"

పద్నాలుగో చుట్టులో మళ్లీ అరిచాడు. ఆమె చెయ్యి మాత్రం ఊపింది. పదహారులో అరవడానికి నోరు తెరిచి, ఆమె పాదాల వంక చూసి ఆగిపోయాడు. మడమ తాకుతోంది. మోకాలు నిటారుగా ఉంది. ఒక పాదం లేవకముందే రెండోది నేల మీద ఉంటోంది. గురువారాల నాటి నడకే, పక్కన సైకిల్ లేదు, అంతే తేడా. మలుపు దగ్గర జడ్జీ వంగి ఆమె పాదాలనే చూశాడు. చూసి, కలం జేబులో పెట్టుకున్నాడు.

గంటా ముప్పై ఐదు నిమిషాల ఇరవై తొమ్మిది సెకన్లు. టెరేజియా ముందు, లుబిత్సా రెండు. బోర్డు మీద రెండే గుర్తులు.

రాడో ఆమెను ఎత్తుకుని గిరగిర తిప్పాడు. రుజెనా ఎవరెవరినో పట్టుకుని ముద్దులు పెట్టింది, అందులో ఒకాయన జడ్జీ అని తర్వాత తెలిసింది. వెండెలిన్ మాత్రం ఎక్కడా కనిపించలేదు. వెతికితే చెట్టు కింద గట్టు మీద కూర్చుని, రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు.

"ఇప్పుడేం ఏడుపు మీకు!" అంది రుజెనా. "ఇంతసేపూ ఊరంతా వినేలా అరిచి!"

లుబిత్సా మెల్లగా వచ్చి ఆయన పక్కన కూలబడింది.

"నా మాట వినలేదేం?" అన్నాడు ఆయన రుమాలు వెనక నుంచి. "కోచ్‌ని నేనా కాదా? పదమూడో చుట్టులో ఏం చెప్పాను?"

"తగ్గించమన్నారు."

"మరి?"

"పెంచమని రాసింది కూడా మీరే కదా మామయ్యా. జనవరిలో, వంటింట్లో, తీరిగ్గా కూర్చుని రాశారు. అప్పుడు మీకు నా గురించి భయం లేదు. ఇవాళ ఉంది. అందుకని జనవరి మామయ్య మాట విన్నాను."

వెండెలిన్ రుమాలు దించి ఆమెను చూశాడు. ఏదో తిట్టబోయి మానేశాడు. మోటు చేత్తో ఆమె తడి జుట్టు మీద నిమిరాడు. నాలుగేళ్లలో, ఎనిమిది నెలల కాపురంలో, ఆయన అలా నిమరడం అదే మొదలు. ఆమెకు అప్పటిదాకా ఆగిన కన్నీళ్లు ఒక్కసారిగా దూకాయి.

"ఇంతకీ రేపు ఎంత?" అంది ముక్కు ఎగబీలుస్తూ.

"రేపు విశ్రాంతి."

"సరే మామయ్యా," అంది లుబిత్సా. ఎందుకని అడగలేదు.